మేనమామ తోసిన ఫ్రాన్సు కారు

మా బావ మునినారాయణప్పకు ఒక కారు ఉండేది. ఆ కారును నేను పన్నెండేళ్ళు తోశాను. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తే నా నడుము సంగతి వేరే వివరించనక్కరలేదు.

బావది నగర్తపేటలో ఇత్తడి పని. ఇంటి వెనక చిన్న షెడ్డు, అందులో ఒక లేతు మిషను. దాని మీద దీపపు కుందులు, గంటలు, హారతి పళ్ళేల కాళ్ళు తిప్పేవాడు. తాత ముత్తాతల నుంచీ అదే వృత్తి. అందుకేనేమో, లోకంలో ఏది విరిగినా ఇత్తడితో ఒక ముక్క చేసి అతికించవచ్చని ఆయనకు గట్టి నమ్మకం. మా అక్క సత్యభామ కళ్ళజోడు కాడ విరిగితే ఇత్తడి కాడ చేసిపెట్టాడు. ఆ బరువుకు కళ్ళజోడు ఒక పక్కకు వాలిపోయి, ఆరు నెలలు మా అక్క లోకాన్ని వంకరగా చూసింది. ఆ ఆరు నెలల్లో బావను ఎలా చూసిందో నేను చెప్పను.

1991లో ఒకరోజు బావ కాక్స్‌టౌన్‌లో ఒక ఫ్రాన్సు ఇంజనీరు ఇంటికి దీపపు కుందులు ఇవ్వడానికి పోయి, కారుతో తిరిగొచ్చాడు. ఆ దొర ఉద్యోగం ముగించుకుని దేశానికి వెళ్ళిపోతున్నాడు. ఇంటి పక్క రేకుల కింద ఆయన 1974 నాటి కారు ఉంది. లేత ఆకుపచ్చ రంగు, వెనక భాగం వయ్యారంగా కిందికి వాలి ఉంటుంది. ఎవరైనా బాగా చూసుకునేవాళ్ళకు ఇచ్చి పోవాలని ఆయన కోరిక. బావకు ఇంగ్లీషు రాదు, దొరకు తెలుగూ కన్నడమూ రావు. బావ కారు తలుపు తీసి, మెల్లగా మూసి, ఆ శబ్దం విని కళ్ళు మూసుకున్నాడట. దొర తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాడట. దొరకు ఎంత ముట్టిందో నాకు తెలుసు గాని చెప్పను. మా అక్క ఇంకా బతికే ఉంది.

ఆ కారు పేరు పేటలో ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ ఫ్రాన్సు కారు అనేవాళ్ళు. మా అక్క మాత్రం సవతి అనేది.

"సవతికి స్నానమైందా?" అని అడిగేది, బావ ఆదివారం పొద్దున్నే బకెట్టుతో బయలుదేరితే.

"అయిందిలే. నువ్వు చేసుకో," అనేవాడు బావ.

ఆ కారు మీద ఆయనకున్నది మామూలు మోజు కాదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు కారు దగ్గరికి తీసుకుపోయి, "ఒకసారి తలుపు వేసి చూడప్పా," అనేవాడు. నిజమే, మన కార్ల తలుపులు ధడాలున పడితే అది మాత్రం బరువైన పుస్తకం మూసినట్టు మెత్తగా, నిండుగా మూసుకునేది. సీట్లో కూర్చుంటే మనిషి జానెడు లోపలికి దిగిపోయేవాడు. గుంతలో పడ్డా కారు ఒకసారి తల ఊపి ఊరుకునేది. తలుపు శబ్దం విని "బాగుందే" అన్నవాడికి కాఫీ. "ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది?" అని అడిగినవాడికి మంచినీళ్ళు కూడా లేవు.

పైగా స్టీరింగు ఎడమ వైపు. ముందు పోయే లారీని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో బావకు కనబడదు. కుడివైపు కూర్చున్నవాడు తల బయట పెట్టి చూసి చెప్పాలి. ఆ కుడివైపు సీటు నాది. నేను "ఇప్పుడు పో" అంటే పోయేవాడు, "ఆగు" అంటే ఆగేవాడు. నేను పనిచేసే బట్టల అంగడిలో నా మాట వినేవాడు ఒక్కడు లేడు గాని, మా బావ ప్రాణం మాత్రం ఎప్పుడూ నా నోట్లోనే ఉండేది. ఎదురొచ్చే ఆటోవాళ్ళు నన్నే డ్రైవరనుకుని, స్టీరింగు లేకుండా నడుపుతున్నానని హడలిపోయి పక్కకు తప్పుకునేవాళ్ళు.

ఇక అసలు కథ. కారు వచ్చిన ఏడాదికి స్టార్టరు లోపల ఉండే చిన్న బుష్ అరిగిపోయింది. బొటనవేలికి పట్టేంత గొట్టపు ముక్క. ఊరంతా తిరిగినా దొరకలేదు. బావ ఊరుకుంటాడా? లేతు మీద ఇత్తడితో అచ్చం అలాంటిదే తిప్పి పెట్టాడు. కారు టక్కున స్టార్టయింది. "చూసినావా? ఫ్రాన్సోడు చేసిందానికంటే నాదే నున్నగా ఉండాది," అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ రోజు నుంచి కారు చల్లగా ఉన్నంతసేపూ బంగారం. మెల్లగా నడిపి ఇంజను వేడెక్కిందా, ఆగిపోయేది. ఆగిందా, చల్లారేదాకా మళ్ళీ స్టార్టయ్యేది కాదు. అంతసేపు ఎవరు ఆగుతారు? తోసేవాళ్ళం. తోసేవాళ్ళం అంటే, తోసేవాణ్ణి.

1993లో పూలమ్మే మారెమ్మ వచ్చి, తన కూతుర్ని పెళ్ళి మండపానికి కారులో తీసుకుపొమ్మని బావను అడిగింది. మండపం చామరాజపేటలో. ముందు మేళం, వెనక కారు, నత్తనడక ఊరేగింపు. మండపం ఇక అరవై గజాలుందనగా, మలుపులో కారు వేడెక్కి ఆగిపోయింది. ముహూర్తం మించిపోతోంది. పెళ్ళికూతురు దిగి నడుస్తానంది. అప్పుడు మా పేటలో అందరికంటే పెద్దది రత్నమ్మవ్వ అడ్డం వచ్చింది.

"పెండ్లికూతురు నేలమీద కాలు పెట్టకూడదు. మేనమామ బుట్టలో ఎత్తుకొని రావాలనేది మన ఆచారం. బుట్ట అయితేనేమి, కారు అయితేనేమి? మేనమామ యాడ ఉండాడు? తొయ్యమను."

మేనమామ తోశాడు. పక్కన నేనూ తోశాను. అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. కాని ఆ పిల్లకు గయ్యాళి అని పేరుపడ్డ అత్త, పెళ్ళయిన వారానికల్లా తానే కాఫీ పెట్టి కోడలికి అందించడం మొదలుపెట్టింది. ఆ తరవాతి పెళ్ళికి కారు ఎక్కడా ఆగకుండా నేరుగా మండపం గడపలో దించింది. బావ మురిసిపోయాడు. మూడో నెలలో ఆ పెళ్ళికూతురు పెట్టె చేతబట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. మూడో పెళ్ళికి కారు మళ్ళీ ఆగింది, మళ్ళీ తోశాం. ఆరేళ్ళుగా టెంపరరీగా ఉన్న పెళ్ళికొడుక్కు ఉద్యోగం పర్మనెంటయింది.

మూడు పెళ్ళిళ్ళు చాలు, పేటలో ఒక శాస్త్రం పుట్టడానికి. పెళ్ళికూతుర్ని ఫ్రాన్సు కారులో కూర్చోబెట్టాలి, మలుపు దగ్గర ఆపాలి, డిక్కీకి పసుపు కుంకుమ పెట్టాలి, మొదటి చెయ్యి మేనమామ వెయ్యాలి. మా పురోహితుడు పెళ్ళి సామాన్ల చీటీలో తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయలు రాసి, చివర "తోసే కారు" అని కూడా రాసేవాడు. ఎందుకైనా మంచిదని ఆ చీటీలో లేకపోయినా నన్నూ పిలిచేవాళ్ళు. ఎక్కడ పట్టుకుని తోస్తే డిక్కీ సొట్ట పడదో నాకొక్కడికే తెలుసు.

అందరికీ సంబరంగానే ఉండేది, ఒక్క బావకు తప్ప. మేళాల మధ్య, తోసే కారులో స్టీరింగు పట్టుకుని, ఎవరో తిట్టినట్టు ముఖం పెట్టుకుని కూర్చునేవాడు.

"అంజినప్పా, ఇది నడిచే కారప్పా," అన్నాడు ఒకరోజు నాతో. "ఫ్రాన్సులో ఇది ఎన్ని కొండలు ఎక్కిందో ఏమో. ఈడ దీన్ని తేరు మాదిరి తోస్తా ఉండారు. ఒకే ఒక్కసారి ఇంజనుతో పోతే, సంసారం చెడిపోయిందని దీని మీద నింద వేసిరి. ఆ నింద పోవాల. నా బిడ్డ పెండ్లికి ఇది ఇంజనుతోనే పోవాల. నా బిడ్డ సుఖంగా ఉండాల. అప్పుడు నోరు మూసుకుంటారు అందరూ."

పాత కార్ల ప్రదర్శనకు పెట్టినా ఈ మచ్చ పోతుందేమోనని ఒకసారి తీసుకుపోయాడు. అక్కడ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి కారు చుట్టూ తిరిగి, ఇది ఇంకా వింటేజ్ కాలేదు, ఊరికే పాతబడింది అంతే అన్నాడు. పాతదానికీ వింటేజ్‌కూ మధ్య ఎన్నేళ్ళని బావ అడిగాడు. ఇంకొక పది పన్నెండేళ్ళు అన్నాడాయన. "సరే, కాచుకుంటాను," అని బావ వెనక్కి వచ్చేశాడు. వచ్చేటప్పుడు కూడా నేనే తోశాను.

2003లో లావణ్యకు సంబంధం వచ్చింది. లావణ్య మా బావకు ఒక్కగానొక్క కూతురు, నాకు మేనకోడలు. పెళ్ళికొడుకు పేరు సందీప్. ఒంగోలు పిల్లవాడు, వైట్‌ఫీల్డ్ దగ్గర కంప్యూటర్ ఉద్యోగం, బ్రూక్‌ఫీల్డ్‌లో కాపురం. పెళ్ళిచూపులకు వచ్చినవాణ్ణి బావ అలవాటుగా ముందు కారు దగ్గరికి తీసుకుపోయాడు. లోపల అమ్మాయి పట్టుచీర కట్టుకుని కాఫీ చల్లారబెడుతూ కూర్చుంది.

"ఒకసారి తలుపు వేసి చూడప్పా."

సందీప్ తలుపు మూశాడు. ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ తీసి, ఇంకోసారి మూశాడు. "అంకుల్, ఈ సౌండ్ ఏంటి ఇంత సాలిడ్‌గా ఉంది? ఇంజన్ ఒకసారి చూడొచ్చా?" అన్నాడు.

బావ లోపలికి వచ్చి అక్కతో, "ఈ పిల్లోడే," అన్నాడు.

"ఇంకా పిల్లను చూడనే లేదు కదా ఆయప్ప."

"రెండుసార్లు వేసినాడే తలుపు. ఇంగేమి చూడాల?"

అదృష్టం కొద్దీ లావణ్యకూ ఆ అబ్బాయి నచ్చాడు. నిశ్చయమైపోయాక సందీప్ ప్రతి శనివారం బ్రూక్‌ఫీల్డ్ నుంచి వచ్చేవాడు. లావణ్య కోసం వచ్చేవాడని అక్క అనుకునేది. సగం నిజమే. మిగతా సగం కాళ్ళు కారు కింద నుంచి బయటికి కనబడేవి. అలా ఒకరోజు ఆ కాళ్ళు కదలడం ఆగిపోయి, గొంతు వినబడింది.

"మామయ్యా, స్టార్టర్‌లో ఈ బుష్ ఎవరు వేశారు? బ్రాస్ కదా, హీట్ అయితే ఎక్స్‌పాండ్ అయి షాఫ్ట్‌ని పట్టేస్తోంది. చల్లారితే లూజ్ అవుతుంది. ఒరిజినల్‌ది వేరే మెటల్."

వేడికి ఇత్తడి ఉబ్బుతుందని ఆయనకు తెలియదా? దీపపు కుంది మూతకు సందు వదిలేది అందుకే. కాని తాను చేసిన ముక్క మీద అనుమానం ఎవరికి వస్తుంది? పదేళ్ళుగా పేటను మొత్తం కారు వెనక నిలబెట్టింది తన బొటనవేలంత ఇత్తడి ముక్కే అని తెలిశాక ఆయన రెండు రోజులు లేతు మిషను ముట్టలేదు. మూడో రోజు నేను నడుముకు నూనె రాసుకుంటూ కావాలనే ఆయన ఎదురుగా కూర్చున్నాను.

సందీప్ ఇంటర్నెట్‌లో వెతికి, ఫ్రాన్సులో పాత సామాన్లు అమ్మే ఒకాయనకు రాసి, అసలైన బుష్ తెప్పించాడు. పోస్టులో వచ్చిన ఆ చిన్న పొట్లాన్ని బావ దేవుడి ముందు పెట్టి మరీ విప్పాడు. అది వేశాక కారును చిక్కపేట సందుల్లో గంటసేపు నత్తనడక నడిపించాం. మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ తాళం తిప్పగానే స్టార్టయింది. బావ ముఖం అంత వెలుగుగా నేను ఎన్నడూ చూడలేదు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"అయితే పెండ్లికి తోసేది లేదా?"

"ఇంగ యాల తోసేది? బాగైంది కదా."

"పేటలో అందరి బిడ్డలనూ తోయించి, నా బిడ్డను మాత్రం సుమ్నే, ఊరికే అట్ల పంపిస్తావా? ఆ రెండో పెండ్లి పిల్ల గతి మరిచిపోతివా?"

"అది కారు తప్పు కాదు సత్యా. ఆ మొగుడు తాగుబోతు."

"తోసుంటే మానేసుండునేమో," అంది అక్క.

పెళ్ళి దాకా ఆ ఇంట్లో ఇదే రభస. రత్నమ్మవ్వ కబురు పంపింది. పురోహితుడు చీటీలో "తోసే కారు" కొట్టెయ్యడానికి ఒప్పుకోలేదు. నన్ను అడిగితే, నాకూ ఒక వెలితి ఉంది. పదేళ్ళు ఊళ్ళోవాళ్ళ మేనకోడళ్ళను తోశాను. నా మేనకోడలి వంతు వచ్చేసరికి నా చేతులకు పని లేదంటే నాకూ కష్టంగానే తోచింది. కాని బావ ముఖం చూసి ఆ మాట మింగేశాను.

పెళ్ళిరోజు పొద్దున కారు అద్దంలా మెరుస్తోంది. వెనక సీట్లో లావణ్య, పక్కన అక్క. ముందు బావ, కుడివైపు నేను. మేళం కదిలింది. చామరాజపేట దాకా రెండుసార్లు ఇంజను వేడెక్కి ఆగింది, రెండుసార్లూ బావ తాళం ఇలా తిప్పగానే అలా అందుకుంది. ఆయన మీసం కింద నవ్వు దాగడం లేదు. మలుపు కనబడింది. అక్కడ పేట అంతా చేరి ఉంది. పసుపు కుంకుమ పళ్ళెంతో రత్నమ్మవ్వ, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ మగవాళ్ళు. కారు తన పాటికి తాను వస్తుంటే ఆ ముఖాలు ఒక్కొక్కటే వాడిపోయాయి. కారును తిట్టలేరు, మెచ్చుకోలేరు.

బావ పైనున్న అద్దంలోకి చూశాడు. నేనూ చూశాను. అక్క కళ్ళు మూసుకుని, లావణ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, పెదవులు కదిలిస్తోంది. చెంపల మీద నీళ్ళు. ఏం మొక్కుకుంటోందో చెప్పనక్కరలేదు. ఈ కారు నడవాలని ఆయన పన్నెండేళ్ళు కోరుకున్నాడు. ఒక్క నిమిషం ఆగాలని ఆవిడ ఇప్పుడు కోరుకుంటోంది.

బావ కుడిచెయ్యి స్టీరింగు మీద నుంచి కిందికి జారింది. వేళ్ళు తాళాన్ని పట్టుకుని వెనక్కి తిప్పాయి. ఇంజను ఆగిపోయింది. అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నిలిచిపోయిందప్పా," అన్నాడు బావ, అవసరమైనదానికంటే కొంచెం గట్టిగా.

అక్క కళ్ళు తెరిచి, ముందు సీటు వీపును రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకుంది. "ఇన్ని రోజులకు నా పక్క నిలబడె ఈ సవతి," అంది.

బయట మేళం ఒక్కసారి జోరందుకుంది. నేను దిగి వెనక్కి పోయాను. బావ కూడా దిగాడు. లావణ్యను ముందుకు వచ్చి స్టీరింగు పట్టుకోమన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు గబగబా కారు తలుపుల కింద నేలమీద చీర పరిచారు. నేలకు కాలు తగలకుండా దానిమీద నడిచి లావణ్య ముందు సీట్లోకి మారింది. భాసికం కట్టుకున్న పెళ్ళికూతురు స్టీరింగు వెనక కూర్చోవడం మా పేట ఎన్నడూ చూడలేదు. రత్నమ్మవ్వ నోరు తెరిచి, ఇది శాస్త్రంలో ఎక్కడుందో ఆలోచిస్తూ అలాగే ఉండిపోయింది.

మొదటి చెయ్యి నేను వేశాను. నా చేతుల పక్కన బావ తన చేతులు వేశాడు. పన్నెండేళ్ళలో ఆయన ఆ కారు వెనక నిలబడటం అదే మొదటిసారి. కారు కదలదు. మళ్ళీ తోశాం. బావ ముఖం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి.

"ఇంత బరువు ఉండాదా అంజినప్పా ఇది?"

"పన్నెండేండ్ల నుంచి చెప్తానే ఉండాను కదా బావా."

కారు కదిలింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూడనట్టు తోశాను. నా కళ్ళ సంగతి ఆయనకూ తెలియదులెండి.

తాళి కట్టడం, భోజనాలు అయ్యాయి. సందీప్ మాత్రం ఆకు ముందు సరిగ్గా తినలేదు. తాను తెప్పించిన బుష్ ఫెయిలయిందని, ఫ్రాన్సులో ఆ అమ్మినాయనకు గట్టిగా రాయాలని లావణ్యతో అంటుంటే బావ విన్నాడు. పరాయి దేశంలో ఏ పాపం ఎరగని మనిషి మాట పడటం ఆయనకు నచ్చలేదు. అల్లుణ్ణి చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకుపోయి తాళంచెవి ఇచ్చాడు. సందీప్ తిప్పాడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. సందీప్ ఒక నిమిషం ఆ ఇంజనునే వింటూ ఉండి, తరవాత మామ ముఖంలోకి చూశాడు. మామ కారు కప్పు మీద లేని దుమ్మును తుడుస్తున్నాడు.

"ఓకే మామయ్యా. అర్థమైంది," అన్నాడు సందీప్ మెల్లగా. "నేను ఎవరికీ చెప్పను."

"బ్రూక్‌ఫీల్డ్‌కు ఈ కారులోనే పోండి. రేపు తెచ్చియ్యప్పా."

సాయంత్రం నాలుగింటికి కొత్త దంపతులు గృహప్రవేశానికి బయలుదేరారు. సందీప్ ఎడమ వైపు స్టీరింగు దగ్గర, లావణ్య కుడివైపు నా సీట్లో. వీధి చివర ఒక లారీ అడ్డం ఉంటే లావణ్య తల బయటపెట్టి చూసి, "ఇప్పుడు పో," అంది. వాడు పోయాడు. మా అక్క, రత్నమ్మవ్వ, మిగతా వాళ్ళంతా అప్పటికే లోపలికి పోయి మిగిలిన లడ్లు పంచుకుంటున్నారు. తనంతట తాను నడిచిపోయే కారును చూడటానికి ఏముంటుంది?

వీధిలో బావ, నేను, ఇద్దరమే నిలబడ్డాం. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఇంజను శబ్దం మాత్రం ఇంకా కాసేపు వినబడింది, ఎక్కడా తడబడలేదు.

"వింటా ఉండావా?" అన్నాడు బావ.

"వింటా ఉండాను బావా," అన్నాను.